నిన్నటి ఇంగ్లీషు

నాకు వచ్చిన ఇంగ్లీషులో నిన్న మాత్రమే ఉంది. ఇవాళ లేదు, రేపు అసలే లేదు. "నిన్న పాలు విరిగాయి" అనమంటే తడుముకోకుండా అంటాను. "పాలు విరుగుతున్నాయి" అనమంటే నోరు కట్టేసినట్టవుతుంది. నవ్వుకునేవాళ్లు ముందే నవ్వేసుకోండి. ఆ తర్వాత చదవండి. నర్సు పనికో, పంతులమ్మ పనికో బయల్దేరుతున్న ఆడపిల్లల కోసం రాస్తున్నాను. నీతులు చెప్పడానికి కాదు. నా చేత జరిగిన ఒక తప్పు సంగతి చెప్పడానికి.

మాది అర్ధవీడు వైపు పల్లె. ఐదో తరగతి సగంలో ఉండగా వానలు ముఖం చాటేశాయి. నాయన నన్ను బడి మాన్పించి గొర్రెల వెంట తోలాడు. పెళ్లయిన మూడేళ్లకు మా ఆయన జ్వరంతో పోయాడు. చంకలో బిడ్డతో నిలబడ్డ నన్ను మా క్రైస్తవ సంఘ పెద్దలు తీసుకొచ్చి మార్కాపురంలో మిషను దొరసాని నడిపే ఆడపిల్లల బోర్డింగులో మ్యాట్రను పనికి పెట్టారు. అప్పటికి నాకు ముప్పై కూడా నిండలేదు. అయినా పిల్లలంతా పెద్దమ్మా అనే పిలిచేవాళ్లు. నా మొహమే అట్లాంటిదేమో.

దొరసానికి ఒక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున్నే వరండాలో టీ తాగుతూ నన్ను ఎదురుగా నిలబెట్టుకుని, నిన్న బోర్డింగులో ఏమేమి జరిగిందో ఇంగ్లీషులో చెప్పించేది. ఎవరికి కడుపు నొప్పి వచ్చింది, ఎవరు ఎవరి జుట్టు పట్టుకున్నారు, ఎవరు కుండ పగలగొట్టారు. తప్పు వస్తే అక్కడికక్కడే దిద్దేది. అట్లా పదకొండేళ్లు. నా ఇంగ్లీషంతా ఆ వరండాలో, ఆ తెల్లవారి వెలుగులో పెరిగింది. ఇవాళ్టి సంగతి ఆమె ఎన్నడూ అడగలేదు, నేను ఎన్నడూ నేర్చుకోలేదు.

టీ తెచ్చి పెట్టే బట్లరు తాత ఊళ్లో సాయెబుల ఇంటి మనిషి. నవ్వకుండా ఎగతాళి చేయడం ఆయనకు బాగా వచ్చు.

"ఏం బేటీ, నీ ఇంగ్లీషులో నిన్నటి పులుసే ఉంది గానీ ఇయాల్టి అన్నం లేదే?" అనేవాడు.

"నిన్నటి పులుసే రుచి తాతా. గిన్నె తీసుకొని పో," అనేదాన్ని.

ఇంకో సంగతి ఉంది. అది అప్పట్లో నాకు తెలియలేదు. ఆ పదకొండేళ్లలో నేను చెప్పిన మాటలన్నీ "ఆమె" తోనో "ఆ పిల్ల" తోనో మొదలయ్యేవి. ఆమె కుండ పగలగొట్టింది. ఆమె నూనె ఒలకబోసింది. ఆ పిల్ల అబద్ధం ఆడింది. "నేను" అని మొదలుపెడితే వెనకాల మంచి పనే వచ్చేది. నేను ఊడ్చాను, నేను కడిగాను, నేను మిగిల్చాను.

మిగల్చడం నా గొప్ప. మెతుకు నేల మీద పడితే కడిగి తినిపించేదాన్ని. బలపం గోరంత అయ్యేదాకా కొత్తది చేతికి ఇచ్చేదాన్ని కాదు, ఆ ముక్కను వెదురు పుల్లకు గుచ్చి రాయించేదాన్ని. ఇక పలకలంటారా, మార్కాపురంలో పలకలకు కరువేముంది? ఊరి బయట గనుల్లో రాయి తీసి, ఉలితో పొరలు పొరలుగా చీల్చి, ఫ్యాక్టరీల్లో కోసి దేశమంతా పంపేవాళ్లు. అంచు విరిగినవి, చట్రం కట్టడానికి పనికిరానివి ఊరికే ఇచ్చేవాళ్లు. మా పిల్లలు వాటికి దొండాకు, బొగ్గు పట్టించి రుద్ది నల్లగా మెరిపించేవాళ్లు. మధ్యాహ్నం ఎండలో దూరం నుంచి ఉలి దెబ్బలు టిక్కుటిక్కుమని వినబడుతుంటే, ఇక్కడ నలభై బలపాలు పలకల మీద కీచుకీచుమంటుంటే, ఊరంతా ఒకటే పలక మీద ఏదో రాసుకుంటున్నట్టు ఉండేది. ఇప్పటికీ పగటి కునుకులో నాకు ఆ చప్పుడు వినిపిస్తుంది. కళ్లు తెరిస్తే ఏమీ ఉండదు.

ఆ బోర్డింగులోనే ఒక గని పిల్ల ఉండేది. తల్లీ తండ్రీ ఇద్దరూ పలకల గనిలో కూలి. ఈ పిల్లకు అప్పుడు ఎనిమిదో తరగతి అయిపోతోంది. మాట తక్కువ. కళ్లు మాత్రం ఎదుటి మనిషిని పొరలు తీసి చూస్తున్నట్టు ఉండేవి. కంభంలో మిషను ఆసుపత్రి వాళ్లు ఏడాదికొకసారి పరీక్ష పెట్టి, నెగ్గిన పిల్లలను నర్సు ట్రైనింగుకు పంపేవాళ్లు. ఆ పరీక్షలో ఒకటే ప్రశ్న ఉండేదట. "నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నువ్వు ఏం చేశావో ఇంగ్లీషులో రాయి." రోగి సంగతి డాక్టరుకు చెప్పాల్సిన మనిషి, ముందు తన నిన్నను సరిగ్గా చెప్పగలగాలని వాళ్ల లెక్క. నిన్న అనేసరికి దొరసాని నా వైపు చూసింది.

"నిన్నటి దినమును గూర్చి నీకంటె బాగుగా ఎవరు చెప్పగలరు? ఈ బిడ్డకు నీవే నేర్పవలెను," అంది. ఆమె తెలుగు అట్లాగే ఉండేది, బైబిలు చదివినట్టు.

ఆ పిల్ల తల్లి ఒక ఆదివారం గుడి అయ్యాక వచ్చి, నా ఎదుట రెండు చేతులూ చాచింది. గోళ్లు లేని వేళ్లు, అరచేతుల్లో రాతి దుమ్ము ఇంకిపోయి బూడిద రంగు గీతలు.

"చూసినావా పెద్దమ్మా. దాని చేతులు ఇట్ల కాకుండా చూడు. ఈ ఏడు పోకపోతే దాన్ని కూడా గనిలోకి తీసుకపోవాల్సిందే. వాళ్ల నాయన దగ్గుతో మంచం దిగడంల్యా."

"పోతాది లేమ్మా. నేనుండాను కదా," అన్నాను. అంత సులభంగా అనేశాను.

నేర్పడం మొదలుపెట్టాను. అయిపోయిన పని ఒక రకం. అయిపోయినా, చెబుతున్న ఆ నిన్నటి క్షణానికి ఇంకా సాగుతూ ఉండిన పని ఒక రకం. ఆ రెండింటికన్నా ముందే అయిపోయిన పని ఇంకో రకం. మొదటి రెండూ పిల్ల ఇట్టే పట్టుకుంది. మూడో దాని దగ్గరే నాకు నోరు తిరగలేదు. నాకు వాడటం వచ్చు గానీ, ఎందుకో చెప్పడం రాదు.

"గంట కొట్టినారు. అంతకు ముందే నువ్వు అన్నం తినేసినావు. రెండూ నిన్నటివే. గంట మామూలుగా చెప్పు. తిన్నదానికి ముందర హ్యాడ్ పెట్టు," అన్నాను.

"ఎందుకు పెద్దమ్మా? రెండూ అయిపోయినయ్యే కదా?"

"పెట్టమంటే పెట్టు. ఎదురు మాట్లాడొద్దు."

ఆ పిల్ల చేతిలో ఉన్న పలకను పక్కకు తిప్పి, చాలాసేపు అంచు వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత వేలితో అంచు మీద గీత గీసి చూపించింది.

"గనిలో పై పొర తీస్తే కింద పొర వస్తాది కదా పెద్దమ్మా. కిందది ముందు పుట్టిందని మా నాయన చెప్తాడు. అట్లనా? గంట పై పొర, అన్నం కింది పొర?"

పదకొండేళ్లు నేను వాడిన మాట అప్పుడు నాకు అర్థమయింది. అయినా ఒప్పుకోలేదు. "ఆ, అదే. ఇంతసేపా?" అన్నాను. ఆ తర్వాత మేమిద్దరం వాక్యం రాసినప్పుడల్లా పొర ఏదని అడుక్కునేవాళ్లం. వాన పడినప్పుడు బట్టలు ఎండుతున్నాయా, అప్పటికే తీసేశామా? అమ్మ వచ్చేసరికి నేను నిద్రపోతున్నానా, అప్పటికే లేచానా? ఆ పిల్ల రాయడం, తప్పయితే బొటనవేలు నాలుకకు అద్దుకుని చెరపడం, మళ్లీ రాయడం. పలక మీద తప్పు ఎంతసేపుంటుంది, ఒక ఉమ్మి తడి ఆరేంతసేపు.

ఎండలు ముదరగానే దొరసాని కొండలకు పోయింది. పోయే ముందు నా చేతిలో ఒక దస్తా తెల్ల కాగితాలు, రెండు సిరా పొట్లాలు, పాళీ గుచ్చిన కలం ఒకటి పెట్టింది.

"వీటి మీద ఆ బిడ్డచేత రోజూ వ్రాయించవలెను. మరువకుము."

అవి యుద్ధం రోజులు. అన్నిటికీ కంట్రోలు. కాగితం దొరకడమే గగనం, మా బడిలో పెద్ద తరగతులకు కూడా పలకలే. ఆ దస్తా చేతిలో పట్టుకుంటే చల్లగా, బరువుగా, కొత్త చీర మడతలాగా ఉంది. దాని మీద ఒక పిల్ల తప్పులు రాసి పారేస్తుందంటే నాకు ప్రాణం ఒప్పలేదు. ఊరికే వచ్చే పలక ఉండగా కాగితమెందుకు? అక్షరం అక్షరమే, వాక్యం వాక్యమే. దొరసాని తిరిగొచ్చాక దస్తా దస్తా అట్లాగే ఆమె బల్ల మీద పెట్టి, నేను మిగిల్చాను అని చెబుదామనుకున్నాను. ఆ వాక్యం కూడా మనసులో తయారు చేసి పెట్టుకున్నాను. కాగితాలు నా రేకు పెట్టెలో చీరల కింద పెట్టి తాళం వేశాను.

బట్లరు తాత చూశాడు. "బేటీ, సిరా పొట్లం పెట్టెలో పిల్లలు పెడతాదా?" అన్నాడు.

"నీకెందుకు తాతా. దొరసాని లేదని నీ పెత్తనమా?"

"నాదేముంది? కలం పట్టని చేతికి కలం ఇస్తే ఏమైతాదో ఏమో," అని లోపలికి పోయాడు. నేను విననట్టు తాళంచెవి మొలలో దోపుకున్నాను.

పరీక్ష రోజు తెల్లవారగానే బండి కట్టించుకుని స్టేషనుకు పోయాం. చిన్న రైలు. కిటికీ బయట ఎర్ర నేలలు, తుమ్మ చెట్లు, అటుపక్క నీలంగా కొండలు మాతో పాటే నడుస్తున్నట్టు వచ్చాయి. ఆ పిల్ల కిటికీ చువ్వలు పట్టుకుని నోట్లోనే వాక్యాలు చెప్పుకుంటోంది. నేను వింటూ వింటూ కునికాను. ఆ కునుకులో ఆమె తెల్ల బట్టలు వేసుకుని ఏదో పొడుగాటి వరండాలో నడిచి పోతోంది. నేను వెనక నుంచి పిలుస్తున్నాను, ఏమని పిలిచానో గుర్తు లేదు. కంభం వచ్చిందని ఆమే నన్ను తట్టి లేపింది.

ఆసుపత్రి పక్కన పొడుగాటి గది. ఆరుగురు పిల్లలు. ఆరు బల్లల మీద ఆరు తెల్ల కాగితాలు, ఆరు సిరాబుడ్లు, ఆరు కలాలు. పరీక్ష పెట్టే డాక్టరు దొరసాని దొరల సీమ నుంచి కొత్తగా వచ్చింది, తెలుగు ఒక్క ముక్క రాదు. నేను వరండాలో కిటికీ పక్కన కూర్చున్నాను.

ఆ పిల్ల కలాన్ని బలపంలాగే పిడికిట్లో పట్టుకుంది. సిరాలో ముంచి, అట్లాగే చూస్తూ ఒక చుక్క రాల్చింది. తర్వాత మెల్లగా రాయడం మొదలుపెట్టింది. మూడు వరుసలు రాసింది. దూరానికి కూడా గుండ్రంగా, ముచ్చటగా కనబడుతున్నాయి. నేను కిటికీ చువ్వకు నుదురు ఆనించుకుని సంబరపడ్డాను.

నాలుగో వరుసలో ఎక్కడో తప్పు పోయినట్టుంది. ఆగింది. ఆలోచించలేదు, నేను చూస్తూనే ఉన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బొటనవేలు నాలుకకు అద్దుకుని కాగితం మీద రుద్దింది.

నీలం మరక అరచేయంత పాకింది. అది చూసి బెదిరి, పలక మీద ఊదినట్టు హా అని ఊది, ఓణీ కొంగుతో గట్టిగా తుడిచింది. కాగితం నలిగి నలిగి పొట్టు లేచి, చివరికి రేగిపండంత చిల్లు పడింది. పక్క బల్ల పిల్ల చూసి కిసుక్కున నవ్వింది. "ఓయ్, మార్కాపురం పలకా!" అంది ఇంకొకతె. ఆ తర్వాత ఈ పిల్ల కలం ముట్టలేదు. నీలం బొటనవేలును ఒళ్లో దాచుకుని, ఆ చిల్లులో నుంచి కనబడే బల్ల చెక్కను చూస్తూ కూర్చుంది.

నాకు చీరల కింద ఉన్న దస్తా కనబడింది. తాళం కనబడింది. తాళంచెవి నా మొలలోనే ఉంది, ఒత్తుకుంటోంది.

గంట కొట్టగానే డాక్టరు దొరసాని కాగితాలు ఏరుకుంటూ వచ్చి, ఈ కాగితాన్ని ఒక మూల పట్టుకుని పైకెత్తింది. ఏమయింది, ఎవరు చేశారు అని అడిగింది. పిల్ల తల వంచుకుంది. దొరసాని కిటికీ వైపు తిరిగి నన్ను అడిగింది. అడిగింది కూడా నాకు తెలిసిన నిన్నటి ఇంగ్లీషులోనే.

పదకొండేళ్ల అలవాటు. మాట నాలుక మీద తయారుగా ఉంది. నేను వెతుక్కోలేదు, అదే జారి పడింది.

"షి స్పాయిల్డ్ ది పేపర్," అన్నాను.

ఆ పిల్ల తలెత్తి నా వైపు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. పలక అంచును చూసినప్పటి చూపు. కింద ఏముందో చూసే చూపు.

అన్న మాట మీద బొటనవేలు రుద్దితే పోతుందా? నేను లేచి గదిలోకి వెళ్లాను.

"నో," అన్నాను. "ఐ స్పాయిల్డ్ ఇట్."

దొరసాని నా వైపు అదోలా చూసింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. మా దొరసాని కాగితం ఇచ్చింది. నేను పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఈ పిల్ల ఇవాళ్టికి ముందు ఎన్నడూ సిరా ముట్టి ఎరగదు. "షి హ్యాడ్ నాట్ టచ్డ్ ఇంక్. ఐ హ్యాడ్ లాక్డ్ ఇట్." కింది పొర చెప్పాను. అడుక్కంటా చెప్పాను. నా జీవితంలో "ఐ" తో మొదలుపెట్టి ఒక తప్పు చెప్పడం అదే మొదలు. ఆశ్చర్యమేమంటే, ఒక్క మాట కూడా తడబడలేదు.

డాక్టరు దొరసాని కాగితాన్ని వెలుగుకు పట్టుకుని ఆ మూడు వరుసలూ చదివింది. తర్వాత నెమ్మదిగా ఏదో చెప్పింది. ఒక్కొక్క మాటా విడదీసి, ఓపిగ్గా చెప్పింది. అయినా నాకు ఒక్క ముక్క అందలేదు. ఆమె చెబుతున్నది నిన్నటి సంగతి కాదు.

అప్పుడు ఆ పిల్ల నా కొంగు పట్టుకుని లాగింది.

"కాగితాలు ఇయాలే రైల్లో ట్రైనింగు ఆసుపత్రికి పోవాలంట పెద్దమ్మా. చిల్లు కాగితం పంపకూడదంట. వచ్చే ఏడు రమ్మంటాంది. మూడు వరుసలు బాగుండాయంట. తప్పకుండా రమ్మంటాంది."

రేపటి సంగతి నాకు ఆ పిల్లే చెప్పింది.

వచ్చే ఏడు అని చెప్పుకోవడం తేలికే. ఆ ఏడాదంతా ఆమె గనికి పోయింది. నేను తిరిగి వెళ్లి తల్లికి సంగతి చెప్పినప్పుడు ఆమె ఉలి కింద పెట్టలేదు. రాయి చీలుస్తూనే అంది.

"కాగితానికి చెదలు పట్టకుండా కాపాడినావు పెద్దమ్మా. నా కూతురికి పట్టినాయి."

నేను నిలబడి విన్నాను. అనాల్సిన మాటే.

దొరసాని కొండల నుంచి దిగొచ్చిన మర్నాడు వరండాలో నా రిపోర్టు ఒకటే వాక్యంతో మొదలయింది, "ఐ" తో. ఆమె టీ చల్లారిపోయింది. బట్లరు తాత వచ్చి కప్పు తీసుకుపోతూ, మొదటిసారి ఎగతాళి చేయకుండా పోయాడు. దొరసాని తిట్టలేదు.

"ఆ కాగితములను ఇప్పుడైనను వాడుము," అంది అంతే.

ఆదివారం గుడి అవగానే ఆ పిల్ల వచ్చేది. వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని, కనురెప్పల మీద బూడిద రంగు దుమ్ముతో వచ్చేది. నా గది గుమ్మంలో కూర్చుని కాగితం మీద రాసేది. చేయి నోటి దగ్గరికి పోతే నేను మెల్లగా మణికట్టు పట్టుకునేదాన్ని. "తుడవొద్దు. ఒకటే గీత కొట్టు. పైన మంచిది రాయి. కిందది కనబడితే కనబడనీ," అనేదాన్ని. ఇద్దరం కలిసి కాగితం తర్వాత కాగితం పాడు చేశాం. దస్తా తరిగిపోతుంటే నాకు గుండె నొప్పి పుట్టలేదని చెప్తే అబద్ధం. పుట్టింది. ఊరుకున్నాను.

మరుసటేడు ఆమె నెగ్గింది. నేను వరండాలో కూర్చోలేదు, రైలుకే పోలేదు. బోర్డింగులోనే ఉండి బియ్యం ఏరాను. ఏరిన బియ్యమే మళ్లీ ఏరానట, బట్లరు తాత చెప్పాడు.

ట్రైనింగుకు పోయిన నెలకు ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో రాసింది, నాకు అర్థం కావాలని అంతా నిన్నటి సంగతులే రాసింది. నిన్న పొద్దున ఐదింటికి లేచాను. పది మంచాల దుప్పట్లు మార్చాను. ముసలామెకు గంజి తాగించాను. అప్పటికి వాన మొదలయింది. ఒక్క మరక లేదు. చివరి వరుసలో మాత్రం ఒక కొట్టివేత ఉంది. నేను నేర్పినట్టే ఒకటే గీత. పైన "రాత్రి బాగా నిద్రపోయాను" అని ఉంది. గీత కింద "రాత్రంతా ఏడ్చాను" అని ఉంది.

నేను కింది పొరే చదివాను. చాలాసార్లు చదివాను.

దస్తాలో ఇంకా నాలుగు కాగితాలు మిగిలి ఉన్నాయి. ఒకటి తీసి, రెండు వైపులా కిక్కిరిసి రాసే నేను, ఒకవైపే, మార్జిను వదిలి జవాబు రాశాను. నిన్న ఇక్కడ కూడా వాన పడింది. నిన్న మీ అమ్మ గుడికి వచ్చింది. చివర నేను కూడా ఒక మాట రాసి కొట్టేశాను. ఆమెకు కనబడేటట్టే కొట్టేశాను.